ముందు డిక్కీలో సంచి

కారు గేటు దాటి పది నిమిషాలైనా కాలేదు, నేను షెడ్డు ముందు కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాను. నలభై రెండు వేల కిలోమీటర్లు ఆ కారును నడిపింది నేను. దాని దగ్గూ తుమ్మూ అన్నీ నాకు తెలుసు. తీరా ఆఖరి పరీక్ష రోజున నన్ను గేటు దగ్గర నిలబెట్టి, "మీరిక్కడే ఉండండి కామ్రేడ్ షుస్తెక్, మీతో పని లేదు" అన్నారు. ఎవరికైనా ఒళ్ళు మండదా?

ఆ మాట అన్నవాడు హ్లాదిల్. ప్రాగ్ నుంచి వచ్చిన పరీక్షాధికారి. ఒకప్పుడు లారీ డ్రైవరట, చేతులు చూస్తేనే తెలుస్తుంది. స్టీరింగు తనకే కావాలన్నాడు.

"సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో పక్కవాణ్ణి అడిగి రాసుకుంటానా ఏంటి? తాళాలు ఇటివ్వండి" అన్నాడు. ఇచ్చాను. ఇంజనీరు జాచెక్ ఆయన పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి నాకేసి చూసి తల ఊపాడు. ఆ ఊపు ధైర్యం నాకు చెప్పడానికో తనకు తాను చెప్పుకోవడానికో నాకు అర్థం కాలేదు.

ఆ కారు మీద జాచెక్ బతుకే ఉంది. యుద్ధానికి ముందు మా ఊరి ఫ్యాక్టరీలో కార్లు చేసేవాళ్ళం. యుద్ధం అయ్యాకా కొన్నాళ్ళు చేశాం. ఆ తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఇక మీరు లారీలు మాత్రమే చెయ్యండి అని. ఆ రోజు జాచెక్ అన్నం ముట్టలేదు. అంతటితో ఊరుకోలేదు కూడా. లారీ డ్రాయింగుల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, దాని మీద కారు గీయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ప్రాగ్ నుంచే మళ్ళీ కబురు: ప్రభుత్వంలో పెద్దవాళ్ళు తిరగడానికో కారు కావాలి, మీ దగ్గరేమైనా ఉందా? ఈయన సొరుగు తెరిచి చూపించాడు.

ఒక్క నమూనాకి అనుమతి ఇచ్చారు. రెండేళ్ళ గడువు, చివర్లో ఒక్క పరీక్ష. నెగ్గితే తయారీ. పోతే డ్రాయింగులు బీరువాలోకి, జాచెక్ లారీ బ్రేకుల విభాగంలోకి. యాభై నాలుగేళ్ళ మనిషి. మళ్ళీ ఇంకో కారు గీసే అవకాశం ఈ జన్మకి రాదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

బండి మాత్రం ముద్దుగా ఉండేది. ఇంజను వెనకాల, దాన్ని చల్లబరిచేది నీళ్ళు కాదు, గాలి. గుండ్రటి ముక్కు, పెద్ద కళ్ళు. షెడ్డులో అందరం దాన్ని కప్ప అనేవాళ్ళం, జాచెక్ వింటుంటే నమూనా అనేవాళ్ళం.

నేను తిరుగుతూ ఉండగా మా ఆవిడ ద్రాహా వచ్చింది. సీట్లు కుట్టే విభాగంలో పని ఆమెకి. ఆ రోజు పొద్దున కారు కడిగి తుడిచింది కూడా వాళ్ళే. చేతిలో ఇంకా బకెట్ ఉంది.

"ఏంటయ్యా ఆ తిరుగుడు? నేలకి గుంటలు పడేట్టున్నాయి. వచ్చి ఇంత క్యాబేజీ సూప్ తాగు."

"ఆకలి లేదు."

"ఎవరికి, నీకా? డాక్టర్ని పిలవమంటావా?"

"ద్రాహా, నన్ను కాసేపు వదిలెయ్."

"వదిలేస్తా గానీ, ఒక్క మాట. మీ మొగాళ్ళు బండిని నడుపుతారా, బండిలో కాపురం ఉంటారా? సీటు కింద నీ సిగరెట్ పీకలు గుప్పెడు దొరికాయి. ముందు డిక్కీ అయితే మరీ ఘోరం. ఆ పెద్దమనిషి పెట్టె పెట్టుకోవాలి కదా అని తెరిస్తే లోపల దిక్కుమాలిన సంచి ఒకటి. చిల్లులుపడి ఇసకంతా కారుతోంది. నేనూ మా విభాగం మార్కేతా కలిసి లాగేసరికి నడుం విరిగిందనుకో."

నేను ఆగిపోయాను.

"ఏ సంచి?"

"అదుగో, చెత్తకుప్ప పక్కన. ఏం, ముద్దుపెట్టుకుంటావా?"

నా సంచి. నలభై కిలోల ఇసుక. గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. నాకు ముచ్చెమటలు పట్టాయి.

ఇది మా ఊరి అలవాటు. ఇంజను వెనక ఉన్న బండికి ముక్కు తేలిక. మలుపులో వేగంగా తిప్పితే తోక బయటికి లాగేస్తుంది. అందుకని అలాంటి బండి ఉన్న ప్రతివాడూ ముందు డిక్కీలో ఏదో ఒక బరువు పడేసుకుంటాడు. డాక్టరు గారి బండిలో రోడ్డు రాయి ఉంటుంది, చర్చి ఫాదరు గారి బండిలో విరిగిన సమాధి పలక ముక్క. మా నాన్నది ఇసుక సంచి. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిన రోజునే సంచి ఎత్తడమూ నేర్పాడు. పరీక్ష పుస్తకంలో మేం అన్నీ రాస్తాం. పెట్రోలెంత, టైర్లలో గాలెంత, బయట గాలి ఎటు వీస్తోంది, డ్రైవరు బరువెంత. సంచి సంగతి ఎవడూ రాయడు. బూట్లు తొడుక్కుని వచ్చానని ఎవడైనా రాస్తాడా?

కప్ప షెడ్డులోకి వచ్చిన మొదటి రోజున సంచి తెచ్చి డిక్కీలో పడేశాను. ఆ తర్వాత అది నా కంటికి ఆనడం మానేసింది. నలభై రెండు వేల కిలోమీటర్లలో ఒక్క కిలోమీటరు కూడా నేను ఆ కారును ఖాళీగా నడపలేదు. ఆ సంగతి నాకు మొట్టమొదట తట్టింది చెత్తకుప్ప పక్కన నిలబడి, ఆ క్షణాన.

నా నివేదికలో ఏముందో నాకు కంఠతా వచ్చు. ఏడు మలుపుల దారి, మూడో మలుపు, దిగుడు, గంటకు డెబ్భై అయిదు కిలోమీటర్లు, తోక కదల్లేదు. కింద నా సంతకం. ఆ నివేదిక హ్లాదిల్ పెట్టెలో ఉంది. ఇప్పుడు అతను సరిగ్గా ఆ అంకె నమ్ముకుని ఆ మలుపుల్లోకి దిగుతాడు. పక్కన జాచెక్.

"ఏమైందయ్యా? మొహం అలా పాలిపోయిందేం?"

"చంపేశావే."

"నేనా?"

"నువ్వు కాదు. నేను."

ఆమెకి చెప్పే తీరిక లేదు. షెడ్డు పక్కన టపా తెచ్చే కుర్రాడి మోటారు సైకిలు ఉంది. సంచి ఎత్తి వెనక పడేశాను. కట్టడానికి తాడు లేదు. నా బెల్టు తీసి కట్టాను. ద్రాహా బకెట్ కింద పడేసి నన్ను పేరు పెట్టి అరుస్తూనే ఉంది, "ఓయ్ వెండెలీన్, ప్యాంటు! నీ ప్యాంటు!" అని. నేను వినిపించుకోలేదు.

హ్లాదిల్ పెద్ద రోడ్డున ఊరు చుట్టి, కొండ మీది పల్లెకి ఎక్కి, అక్కణ్ణుంచి రైలు గేటు దాటి మలుపుల్లోకి దిగాలి. రాళ్ళ క్వారీ మీదుగా అడ్డదారి ఉంది, సగం దూరం తగ్గుతుంది. ఆ దారిన పడ్డాను. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి నడుం దగ్గర. గుంటల్లో సంచి ఎగిరినప్పుడల్లా బండి ముందు చక్రం గాల్లోకి లేస్తోంది. ఆ గేటు మూసి ఉండాలి, మూసి ఉండాలి అని పైకే గొణుక్కుంటున్నాను. అక్టోబరు నెల, చక్కెర దుంపల కాలం. దుంపల వ్యాగన్లు అటూ ఇటూ లాగుతూ ఒక్కోసారి ఆ గేటును పావుగంటసేపు దించే ఉంచుతారు. ఏటా ఆ గేటును నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆ రోజు దానికి దణ్ణం పెట్టాను.

మూసి ఉంది. గేటు ముందు ఒక గుర్రబ్బండి, దాని వెనక కప్ప, దాని వెనక ఒక ట్రాక్టరు. హ్లాదిల్ దిగి కారుకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. జాచెక్ అతని ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. రెండేళ్ళలో ఆ మనిషి మొహాన నవ్వు చూడలేదు నేను.

"ఎక్కుడులో ఇంజను ఎలా గుంజిందో చూశారా కామ్రేడ్ జాచెక్? నోరు మూసుకుని పనిచేసే ఇంజనంటే నాకిష్టం" అంటున్నాడు హ్లాదిల్. అంతలో నన్ను చూశాడు. "ఇదేంటి? మిమ్మల్ని అక్కడ ఉండమన్నాను కదా?"

నేను సంచి విప్పి భుజానికెత్తుకున్నాను. ప్యాంటు జారింది. మోకాళ్ళు దగ్గరగా పెట్టి దాన్ని ఆపాను. నిజం చెప్పేద్దామనే వచ్చాను. జాచెక్ నవ్వు చూశాక నోరు రాలేదు.

"కామ్రేడ్, ఇవి... బంగాళాదుంపలు. మా ఆవిడ పంపింది. మీకే. ముందు డిక్కీలో పెట్టేస్తాను, మీకేం అడ్డం రావు."

"నేను ఎవరిదగ్గరా ఏమీ తీసుకోను."

"కొంచెమే కామ్రేడ్."

"పోయినేడు ఒక ఊరివాళ్ళు బాతు పంపించారు. దాన్ని రైల్లో తిరుగు పంపించాను. బతికున్న బాతు. దించండి."

దించక తప్పలేదు. హ్లాదిల్ వంగి సంచిని వేలితో పొడిచాడు. చిల్లులోంచి సన్నటి ధారగా ఇసుక కారి అతని బూటు మీద పడింది. బూటు చూసుకున్నాడు. నన్ను చూశాడు.

"మీ ఊళ్ళో బంగాళాదుంపలు బాగా చిన్నవిగా పండుతున్నాయే."

ఆఖరి దుంపల వ్యాగన్ దాటిపోయింది. గేటు కాసే ముసలమ్మ చక్రం తిప్పుతూ కేకేసింది, "ఆ గుర్రాన్ని లేపండ్రా నాయనా! నిలబడే నిద్రపోతోంది! ముచ్చట్లు తర్వాత పెట్టుకోండి!"

గేటు లేచింది. గుర్రబ్బండి కదిలింది. హ్లాదిల్ సిగరెట్ పారేసి కారు తలుపు మీద చెయ్యి వేశాడు. ఇక దాచి లాభం లేదు.

"ఇది లేకుండా ఆ మలుపుల్లోకి దిగొద్దు" అన్నాను. "చచ్చిపోతారు."

వెనక ట్రాక్టరువాడు హారన్ మోగించాడు. "ఏయ్, అక్కడేమన్నా పెళ్ళి చేస్తున్నారా? మేం పోవద్దా?" ఎవరూ అతనికేసి చూడలేదు. కాసేపు తిట్టుకుని, పక్కనుంచి తిప్పుకుని పోయాడు.

మొత్తం చెప్పాను. మా నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. చెబుతున్నంతసేపూ హ్లాదిల్ బూటు కేసే చూశాను, జాచెక్ వైపు చూడలేకపోయాను. అంతా విని హ్లాదిల్ కారులోంచి తన పెట్టె తీశాడు. నా నివేదిక బయటికి లాగి పేజీ వెతికాడు.

"ఈ డెబ్భై అయిదు కారుదా, సంచిదా?"

"రెండిటిదీ."

"ఇంకో అయిదు నిమిషాల్లో నేను ఇదే అంకెతో దిగేవాణ్ణి. నాకు ఇద్దరు ఆడపిల్లలు, తెలుసా మీకు?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టాడు. తర్వాత పేజీ కూడా. అలా పదకొండు పేజీలు. "కామ్రేడ్ జాచెక్, నెలాఖరులోగా నిజమైన అంకెలు నా బల్ల మీద ఉండాలి. అవి బాగుంటే మళ్ళీ వస్తాను. లేకపోతే లారీలు చేసుకోండి."

స్టేషన్ అక్కడికి కూతవేటు. పెట్టె పట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి నాతో, "ముందు ఆ ప్యాంటు సరిచేసుకోండి" అన్నాడు.

ఇద్దరం మిగిలాం. జాచెక్ పట్టాల కేసి చూస్తూ అడిగాడు.

"ఎన్ని కిలోమీటర్లు?"

"అన్నీ, ఇంజనీరు గారూ."

"అన్నీ అంటే?"

"మొదటి రోజు నుంచీ. ఇవాళ పొద్దున ఒక్కటే లేనిది."

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఊడినా నోరెత్తే హక్కు లేదనుకున్నాను. ఆయన కారు కప్పు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. గేటు ముసలమ్మ ఉలిక్కిపడి లోపలికెళ్ళిపోయింది.

"నేను లెక్క వేశానయ్యా!" అని అరిచాడు. ఆ మనిషి అరవడం నేనెప్పుడూ వినలేదు. "కారు కాగితం మీద ఉన్నప్పుడే లెక్క వేశాను. స్పేర్ చక్రమూ బ్యాటరీ వెనక పెడితే ఆ మలుపులో తోక ఎప్పుడు వదులుతుందో అంకె కట్టాను. నువ్వు డెబ్భై అయిదు అని రాసుకొచ్చావు. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వచ్చింది. ఎనిమిదిసార్లు వేశాను, షుస్తెక్! నాకు మతి పోతోందనుకున్నాను. ముసలాణ్ణైపోయాను, కూడికలు కూడా రావడం లేదు అనుకున్నాను. మా ఆవిడతో చెప్పుకోలేక స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. ముందుకి మార్చాల్సిన స్పేర్ చక్రాన్నీ బ్యాటరీనీ వెనకే ఉంచేశాను, ఎందుకు? నీ కాగితం చూసి! నా బుర్రను కాదని నీ కాగితాన్ని నమ్మి!"

"నాకు చెప్పి ఉండాల్సింది" అన్నాను. చచ్చు మాట. నోట్లోంచి వచ్చేసింది.

"నిన్ను అడగాలనుకున్నాను. పక్కన కూర్చుని చూస్తానని అడగాలని ఎన్నిసార్లో షెడ్డు దాకా వచ్చాను. ఇంజనీరు బండెక్కితే మీకు పడదు కదా."

నిజమే. అది కూడా మా ఆచారమే. పక్కన ఇంజనీరుంటే డ్రైవరు నోరారా తిట్టుకోలేడు, తిట్టుకోలేకపోతే సరిగ్గా నడపలేడు అని మాకో నమ్మకం. ఇంజనీరు ఎక్కితే దిగేదాకా మొహం మాడ్చుకుని కూర్చునేవాళ్ళం. దాంతో వాళ్ళు ఎక్కడం మానేశారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టైంది.

జాచెక్ చటుక్కున తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నడుపు."

"సంచి పెట్టనా?"

ఆయన చూసిన చూపుకి నేను మళ్ళీ అడగలేదు.

ఖాళీ కారు. స్టీరింగు పట్టుకోగానే తేడా తెలిసింది. ముందు చక్రాలు రోడ్డుని ముట్టుకున్నాయా లేదా అన్నట్టుంది. ఇన్నాళ్ళూ నేను నడిపింది ఈ బండిని కాదు. మొదటి దిగుడు యాభై మీద దిగాను. ఏమీ కాలేదు. "మళ్ళీ" అన్నాడు. తిప్పుకుని పైకి వచ్చి యాభై నాలుగు మీద దిగాను. వెనకాల ఏదో తుళ్ళినట్టనిపించింది. "మళ్ళీ." యాభై ఆరు. నా అరచేతులు చెమటకి జారుతున్నాయి. ఆపుదామన్నాను. ఆయన వినలేదు. నాకు భయం వేసింది, కారు చూసి కాదు, ఆయన్ని చూసి.

నాలుగోసారి మూడో మలుపులో స్టీరింగు తిప్పాను, ముక్కు తిరిగింది, తోక తిరగడం ఆపలేదు. ఆకాశం, యాపిల్ చెట్లు, కొండ, మళ్ళీ యాపిల్ చెట్లు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను, ఇంజనీరు పక్కనుండగానే. కారు వచ్చిన దారి కేసి మొహం పెట్టి గడ్డిలో ఆగింది. నా వైపు కిటికీకి జానెడు దూరంలో చెట్టు మొదలు ఉంది. కారు రాసుకుపోయిన కొమ్మల నుంచి పళ్ళు ఇంకా కప్పు మీద టపటపా పడుతూనే ఉన్నాయి.

"ఎంత?" అన్నాడు జాచెక్. కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది.

"యాభై ఎనిమిది."

"నిజంగా చూశావా?"

"చూశాను. ఒట్టు. యాభై ఎనిమిది."

జేబులోంచి పెన్సిల్ తీశాడు. కారు అరలో ఉన్న పరీక్ష పుస్తకం నాకివ్వకుండా తనే తీసి రాశాడు.

"నాకు యాభై ఏడు వచ్చింది" అన్నాడు. తర్వాత ఇంకోసారి, మెల్లిగా, ఎవరికో చెబుతున్నట్టు, "ఎనిమిదిసార్లూ యాభై ఏడే వచ్చింది." అని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు. కిటికీ వైపు తిరిగి చెట్టును చూస్తూ కూర్చున్నాను. ఏడ్చింది మాత్రం నేను.

నెలాఖరులోగా స్పేర్ చక్రమూ బ్యాటరీ ముందుకొచ్చాయి. కొత్త అంకెలు ప్రాగ్ వెళ్ళాయి. హ్లాదిల్ మళ్ళీ వచ్చి, డిక్కీ స్వయంగా తెరిచి చూసి, ఖాళీ కారుతో ఏడు మలుపులూ దిగాడు. మరుసటేడు తయారీ మొదలైంది.

రైలు గేటు దగ్గర ఆ గొడవ జరిగిన మర్నాడు నేను పొద్దున ఆరింటికి షెడ్డుకి వెళ్ళేసరికి జాచెక్ అప్పటికే పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పరీక్ష పుస్తకం, చేతిలో పెన్సిల్ పెట్టుకుని. అప్పట్నుంచి ఆయన రిటైరయ్యేదాకా, తొమ్మిదేళ్ళు, నేను ఏ బండినీ ఒంటరిగా పరీక్షించలేదు. ఇద్దరూ ప్రాణ స్నేహితులైపోయారని షెడ్డులో అనుకునేవాళ్ళు. ద్రాహా ఇప్పటికీ అదే అంటుంది. నేను కాదనను. దార్లో ఒకే రొట్టె విరుచుకుని తిన్నాం, వాళ్ళ అమ్మాయి పెళ్ళిలో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కానీ ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూడా ఆయన ఆ పెన్సిల్ నా చేతికివ్వలేదు.